అమ్మమ్మతో బయలుదేరిన ఇద్దరి కోసం: ఆల్బర్టాలో ఉక్రెయిన్ పూర్వీకుల జాడ

మంగళవారం, ఎడ్మంటన్

మా వియ్యపురాలి అమ్మమ్మ 1903లో, ఇప్పటి పశ్చిమ ఉక్రెయిన్‌లోని గలీషియా ప్రాంతం నుంచి కెనడాకు వచ్చింది. ఆమెతోపాటు ఊళ్లోంచి బయలుదేరిన అన్న, చెల్లెలు ఏమయ్యారో ఆ కుటుంబంలో ఎవరికీ తెలియదు. చెల్లెలు దారిలోనే ఆగిపోయిందనీ, అన్న మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కనిపించకుండా పోయాడనీ అమ్మమ్మ చెప్పేదట. అంతకు మించి అడిగితే మాట మార్చేసేదట. డెబ్బై దాటిన మా వియ్యపురాలు ఈ వేసవిలో ఎలాగైనా ఆ సంగతి తేల్చుకోవాలని పట్టుబట్టారు. అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్న నన్ను కూడా రమ్మన్నారు. తహసీల్దారు కార్యాలయంలో ఉద్యోగమంతా అడంగళ్లు, పాత రిజిస్టర్లు తిరగేసిన దాన్ని కనుక కాగితాల దగ్గర నేను పనికొస్తానని ఆమె నమ్మకం. పెళ్లినాడు నేర్చుకున్న "వదినగారూ" అనే పిలుపును ఆమె ఇప్పటికీ వదల్లేదు. నేనూ అలాగే పిలుస్తాను. కారు నడిపే బాధ్యత మా అమ్మాయిది.

ఆల్బర్టా ప్రావిన్షియల్ ఆర్కైవ్స్ తలుపులు తెరిచే వేళకే చేరుకున్నాం. ఈ ప్రాంతంలో వలస రైతులకు ప్రభుత్వం ఇచ్చిన భూముల దస్త్రాలు ఇక్కడ మైక్రోఫిల్ము మీద ఉన్నాయి. 1872 నాటి డొమినియన్ భూముల చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టిన మగవాడికి 160 ఎకరాలు దక్కేవి. మూడేళ్లు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, కొంత నేల సాగుచేసి చూపిస్తే పట్టా చేతికొచ్చేది. ఆడవాళ్లకు ఆ హక్కు లేదు. భర్తను పోగొట్టుకుని సంసారం తానే మోస్తున్న స్త్రీ వంటివారికి మాత్రం మినహాయింపు ఉండేది. అందుకే అమ్మమ్మ పేరు మీద వెతకడానికి ఇక్కడ ఏమీ లేదు. ఆమె కంటే నాలుగేళ్లు ముందే వచ్చి భూమి పట్టిన తాతగారి దస్త్రంతోనే మొదలుపెట్టాం.

మన సర్వే నంబర్లు గట్లనూ వాగులనూ అనుసరించి వంకర్లు తిరుగుతాయి. ఇక్కడ మనుషులు రాకముందే గొలుసులు పట్టి నేలను చతురస్రాలుగా కోశారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లుంటాయి. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. అందులో పావు వంతు ఒక రైతుకు. పావు ఏ మూలదో, సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్, మెరిడియన్ ఏవో తెలిస్తే నూట పాతికేళ్ల కిందటి పొలాన్ని ఇవాళ కూడా వేలు పెట్టి చూపించవచ్చు. తాతగారి దస్త్రంలో ఆ అంకెలన్నీ స్పష్టంగా ఉన్నాయి. పట్టా కోసం 1905లో ఆయన చేసిన ప్రమాణ పత్రం తెర మీదికి వచ్చినప్పుడు వదినగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఏ ఏడు ఎన్ని ఎకరాలు దున్నాడో, ఎన్ని పశువులున్నాయో, దుంగల ఇంటి కొలత ఎంతో గుమాస్తా చేతిరాతలో వరసగా ఉంది. కింద సంతకం చేయాల్సిన చోట ఒక అడ్డగీత, దాని మీద కొంచెం వంకరగా మరొక గీత. రెండో గీత చివర కలం ఆగిపోయి సిరా గింజంత మేర పాకింది. అది ఆయన వేలిముద్రకు సమానం.

కుటుంబ వివరాల గడిలో "భార్య, ఒక బిడ్డ" అని ఉంది. పేర్లు లేవు. పుట్టిన దేశం గడిలో ఆస్ట్రియా. అప్పటి గలీషియా, దాని పక్కనే ఉన్న బుకోవినా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోవి కాబట్టి ఈ వలస జనం కెనడా కాగితాల్లో ఒకచోట గలీషియన్లు, మరోచోట ఆస్ట్రియన్లు, ఇంకోచోట రుథేనియన్లు. మొదటి యుద్ధం తర్వాత గలీషియాలోని అదే పల్లె పోలండ్‌లోకి, రెండో యుద్ధంతో సోవియట్ యూనియన్‌లోకి, 1991లో స్వతంత్ర ఉక్రెయిన్‌లోకి వచ్చింది. దేశం పేరు పట్టుకుని వెతికేవాళ్లు దారి తప్పేది ఇక్కడే. ఊరి పేరు దొరికితే తప్ప అడుగు ముందుకు పడదు. తాతగారి ఊరు దస్త్రంలో దొరికింది కానీ అమ్మమ్మది వేరే ఊరు.

బుధవారం, ఎడ్మంటన్

ఓడ పట్టీలు ఇంటర్నెట్‌లోనే చూడవచ్చు కనుక ఇవాళ ఇల్లు కదల్లేదు.

ఉక్రేనియన్లు కెనడాకు రావడం 1891 సెప్టెంబరులో మొదలైందని చెబుతారు. కలుష్ ప్రాంతంలోని నెబిలీవ్ అనే ఊరి నుంచి ఇవాన్ పిలిపీవ్, వాసిల్ ఎలెనియాక్ అనే ఇద్దరు ఒరెగాన్ అనే ఓడలో మాంట్రియల్‌లో దిగారు. ల్వీవ్‌లో వ్యవసాయ శాస్త్రం బోధించిన ఒసిప్ ఒలెస్కివ్ 1895లో ఉచిత భూముల గురించి చిన్న పుస్తకం రాసి పల్లెల్లోకి పంపాడు, తానే స్వయంగా కెనడా వచ్చి నేల చూసి వెళ్లాడు. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు కదిలాయి. గలీషియా పల్లెల్లో అన్నదమ్ముల పంపకాలతో కమతాలు ముక్కలై, ఒక సంసారానికి నాలుగైదు ఎకరాలు కూడా మిగలని రోజులవి. 1914లో యుద్ధం వచ్చేలోగా లక్షా 70 వేల మంది దాకా ఇక్కడికి చేరారు. అప్పటి కెనడా మంత్రి క్లిఫర్డ్ సిఫ్టన్‌కు కావలసిన వలసదారుడు గొర్రెతోలు కోటు తొడుక్కున్న దిట్టమైన రైతు. వెంట గట్టి భార్య, అరడజను మంది పిల్లలు. భార్య ఆ లెక్కలోనూ అంకెగానే ఉంది.

జర్మనీ రేవుల్లో బ్రెమెన్ పట్టీలు చాలావరకు నాశనమయ్యాయి. హాంబర్గ్ పట్టీలు మాత్రం 1850 నుంచి 1934 దాకా దాదాపు నిలిచే ఉన్నాయి. వాటిలో ప్రయాణికుడి వయసు, వృత్తితోపాటు అప్పటిదాకా నివసించిన ఊరి పేరు కూడా రాసేవారు. అందువల్ల అక్కడ దొరికే వరస కెనడా రేవులో దొరికే వరస కంటే విలువైనది. ఇంటిపేరు జర్మన్ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడింది కాబట్టి మా అమ్మాయి మొదటి అక్షరం మార్చి మార్చి వెతికింది. మధ్యాహ్నం దాటాక 1903 మే నెల పట్టీలో, హాంబర్గ్ నుంచి ఇంగ్లండ్ మీదుగా కెనడా వెళ్లేవారి జాబితాలో ముగ్గురూ ఒకరి కింద ఒకరు కనిపించారు. అన్నకు ఇరవై రెండు, అమ్మమ్మకు పద్ధెనిమిది, చెల్లెలికి పదమూడు. ఊరి పేరు గడిలో అక్షరాలు కలిసిపోయి ఉన్నాయి. పశ్చిమ ఉక్రెయిన్‌లోని తెర్నోపిల్ వైపు ఊరిలా ఉందనిపించింది కానీ రూఢి చేసుకోలేకపోయాం.

ఆపైన క్యూబెక్ రేవు పట్టీ తెరిచాం. అన్న ఉన్నాడు. అమ్మమ్మ ఉంది. చెల్లెలు లేదు.

1902లో కెనడా తన వలస చట్టాన్ని సవరించి, అంటురోగాలున్న వారిని దిగనివ్వకుండా ఆపే అధికారం తీసుకుంది. అందరికంటే ఎక్కువగా భయపెట్టినది ట్రకోమా అనే కంటిజబ్బు. రేవుల్లో వైద్యులు ఒక్కొక్కరి కనురెప్పలు పైకి మడిచి చూసేవారు. అనుమానం వస్తే ఆ మనిషికి టికెట్టు ఉన్నా ఓడ ఎక్కనివ్వరు. ఆ పిల్లను ఆపింది కళ్లేనని ఏ కాగితమూ చెప్పదు. కానీ "దాని కళ్లు ఎర్రగా ఉండేవి" అని అమ్మమ్మ ఒకసారి నోరు జారిన మాట వదినగారికి ఇప్పుడు గుర్తొచ్చింది. అన్న, అక్క ముందుకు వెళ్లారు. పదమూడేళ్ల పిల్ల ఒంటరిగానో, తెలిసిన వాళ్ల వెంటో వెనక్కి తిరిగి ఉంటుంది. సగం ఖండం అవతలి రైలు ప్రయాణం అది. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు అక్కకు పద్ధెనిమిదేళ్లు.

ఇలాంటి పట్టీలు మనవాళ్లకూ ఉన్నాయి. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి, చెరకు తోటల కూలికి నటాల్ వెళ్లిన తెలుగువాళ్ల పేర్ల పక్కన తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉంటాయి. విశాఖ, గంజాం జిల్లాల ఊళ్లు వాటిలో కనిపిస్తాయి. ఆ పట్టీలు చేతపట్టుకుని దక్షిణాఫ్రికా నుంచి వచ్చే మునిమనవళ్లకు మన కార్యాలయాల్లో సాయం చేసే మనిషి ఉండాలని నా కోరిక.

గురువారం, ఎడ్మంటన్‌కు తూర్పున

ఎల్లోహెడ్ రహదారి మీద యాభై కిలోమీటర్లు వెళితే ఉక్రేనియన్ సాంస్కృతిక వారసత్వ గ్రామం వస్తుంది. తూర్పు మధ్య ఆల్బర్టా ఊళ్లలోని పాత ఇళ్లు, చర్చిలు, దుకాణాలు, రైల్వేస్టేషన్ ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. దారి పొడవునా కనోలా పూత పసుపుపచ్చగా పరుచుకుని ఉంది. మన ఆవపూతకు దగ్గరి చుట్టమది.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది బుర్దెయ్ దగ్గర. వలస వచ్చిన సంసారం మొదటి చలికాలం గడపడానికి నేలలో తవ్వుకున్న ఇల్లు అది. నడుము లోతుకు పైగా గొయ్యి, పైన వాసాల్లా వంచి పేర్చిన సన్నని పాప్లార్ మొద్దులు, వాటి మీద గడ్డి వేళ్లతో సహా కోసి కప్పిన మట్టి పెళ్లలు. మెట్లు దిగి లోపలికి వెళితే వేసవిలో కూడా చల్లని మట్టివాసన. ఒక మూల మట్టి పొయ్యి. మేనిని ఆనించి ఇద్దరు పడుకోగలిగినంత చోటు. తలుపు పక్కన అరచేతి వెడల్పు కిటికీ. మంచుకాలంలో మైనస్ ముప్పై డిగ్రీల చలిలో, మగవాడు రైల్వే పనికో బొగ్గు గనికో నెలల తరబడి వెళ్లిపోతే, ఆడమనిషి చంటిబిడ్డతో ఇందులోనే ఉండేది. పాత కాలపు దుస్తుల్లో ఆ కాలపు మనిషిగానే మాట్లాడే ఒక అమ్మాయి అక్కడ ఉంది. పొయ్యికి పూసే మట్టిలో పేడ, గడ్డి ఎంత పాలు కలపాలో ఆమె చెబుతుంటే మా అమ్మమ్మ అరుగులు అలకడం కళ్లకు కట్టింది. వదినగారు మాత్రం ఏమీ అడగలేదు. పొయ్యి అంచు మీద చేయి ఉంచి చాలాసేపు నిలబడ్డారు.

సాయంత్రం స్టార్ అనే చిన్న ఊరి మీదుగా వెళ్లాం. ఇక్కడి చర్చి స్థలం గ్రీకు కాథలిక్కులదా, ఆర్థొడాక్స్ వారిదా అని ఈ రైతులు అప్పటి చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోరాడారు. 1907లో తీర్పు ఆర్థొడాక్స్ పక్షానికి వచ్చింది. దస్తావేజులో ధర్మకర్తల పేర్లు, ఏ మతశాఖ కోసమన్నది ఎలా రాసుకున్నారో దాని మీదే వ్యాజ్యమంతా నడిచింది. పూర్వీకులను వెతికేవారికి ఇందులో అసలు చిక్కు వేరే ఉంది. ఒకే కుటుంబంలో అన్న పెళ్లి ఒక చర్చి పుస్తకంలో, చెల్లెలి పెళ్లి మరో చర్చి పుస్తకంలో ఉండవచ్చు. ఒకచోట లేదని రికార్డే లేదనుకోకూడదు.

శుక్రవారం, ముండేర్, వెగ్రెవిల్

గ్రీకు కాథలిక్కుల బసీలియన్ సంఘపు గురువులు 1902లో ఈ ప్రాంతానికి వచ్చి ముండేర్ కేంద్రంగా పల్లె పల్లెకూ తిరిగి పెళ్లిళ్లు, బారసాలలు, అంత్యక్రియలు జరిపించారు. ముందుగా రాసి అనుమతి తీసుకున్నందువల్ల ఆ కాలపు పెళ్లి పుస్తకం చూడనిచ్చారు. 1904 ఫిబ్రవరి. వరుడు, తాతగారు. వధువు, అమ్మమ్మ. వధువు గడిలో ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు, పుట్టిన ఊరు, అన్నీ ఉన్నాయి. సాక్షుల్లో రెండో పేరు ఆమె అన్నది. ప్రభుత్వ దస్త్రంలో "భార్య" అనే ఒక్క ముక్కతో సరిపెట్టిన మనిషికి ఇక్కడ ఒక తల్లి, ఒక తండ్రి, ఒక ఊరు ఉన్నాయి. బుధవారం హాంబర్గ్ పట్టీలో కలిసిపోయి కనిపించిన అక్షరాలు ఇదే ఊరివని పక్కపక్కన పెట్టి చూస్తే ఇక సందేహం లేకపోయింది. నా అనుభవంలో ఒక కాగితాన్ని ఒంటరిగా ఎప్పుడూ నమ్మకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల అదే సంగతి కనిపిస్తేనే అది సాక్ష్యం.

వెగ్రెవిల్‌లో వదినగారి పెద్దమ్మ కూతురు వృద్ధుల నివాసంలో ఉంటున్నారు. తొంభై దాటినా చెవి, జ్ఞాపకం రెండూ బాగున్నాయి. దారిలో ఊరి పార్కులో ఉన్న పెద్ద పిసాంకాను కారులోంచే చూశాం. ఈస్టర్ గుడ్డు ఆకారంలో 1975లో కెనడా పోలీసు దళం శతాబ్ది సందర్భంగా నిలబెట్టిన లోహ నిర్మాణం అది. రోనాల్డ్ రెష్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 3,512 ముఖాలుగా దాన్ని లెక్కగట్టి రూపొందించాడు.

ఆ అక్కగారు చెప్పిన సంగతి మేము వెతుకుతున్న దానికి మూలాన్నే మార్చేసింది. తన చిన్నతనంలో అమ్మమ్మకు "పాత ఊరి" నుంచి ఉత్తరాలు వచ్చేవట. రెండో ప్రపంచ యుద్ధంతో ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక ఒక చలికాలం, ఈవిడ పదహారేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మమ్మ ఆ ఉత్తరాల కట్టంతా పొయ్యిలో వేయడం ఈవిడ కళ్లారా చూసింది. ఎందుకని అడిగితే "వాళ్లకు మంచిది కాదు" అన్నదట. అట్ట వెనక ఇరుక్కున్న ఒక ఫోటో నేల మీద పడితే ఈవిడ దాన్ని తీసి దాచుకుంది. డెబ్బై అయిదేళ్లుగా తన దగ్గరే ఉంది. తెల్లటి పల్లె ఇంటి గోడ ముందు నడివయసు స్త్రీ, అటూ ఇటూ ఇద్దరు వయసొచ్చిన అమ్మాయిలు, ముగ్గురికీ కుట్టుపని చేసిన చొక్కాలు. వెనక నీలి సిరాతో అయిదు వరసల రాత. ఆ లిపి మాలో ఎవరికీ రాదు. కింద 1937 అనే అంకె మాత్రం చదవగలిగాం.

అయితే చెల్లెలు దారిలో పోలేదన్నమాట. అమ్మమ్మకు ఆ సంగతి తెలుసు.

ఊరి బయటి శ్మశానంలో అమ్మమ్మ సమాధి చూశాం. మూడు అడ్డకమ్ముల శిలువ. కింది కమ్ము ఏటవాలుగా ఉంటుంది. రాతి మీద పింగాణీ బిళ్లలో ఆమె ముఖం. ఫోటోలోని నడివయసు స్త్రీకీ ఆమెకూ దవడ ఎముక దగ్గర ఒకే పోలిక. వదినగారు ఫోటోను బిళ్ల పక్కన పట్టుకుని "చూశావా వదినా" అన్నారు.

శనివారం, కాసిల్ పర్వతం

అన్న కోసం పొద్దున్నే బయలుదేరి కాల్గరీ మీదుగా బాన్ఫ్ దాటాం. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దారి.

1914 ఆగస్టులో యుద్ధం రాగానే ఆస్ట్రియా-హంగరీ కెనడాకు శత్రుదేశమైంది. గొర్రెతోలు కోట్లతో రమ్మని పిలిచిన మనుషులే ఒక్కరోజులో శత్రుదేశీయులయ్యారు. యుద్ధకాలపు చట్టం కింద ఎనభై వేల మంది పేర్లు నమోదు చేసుకుని, పోలీసుల దగ్గర హాజరు వేసుకోవాల్సి వచ్చింది. 8,579 మందిని 24 శిబిరాల్లో బంధించారు. వారిలో అయిదు వేల మందికి పైగా ఉక్రేనియన్లు. ఎక్కువగా పట్టుబడినది పౌరసత్వం ఇంకా తీసుకోని, పని పోయి పట్టణాల్లో తిరుగుతున్న ఒంటరి కూలీలు. భూమి కోసం తాతగారు పౌరసత్వ పత్రం తీసుకున్నారు. రైల్వే పనుల వెంట తిరిగిన అన్నకు ఆ అవసరం రాలేదు. ఇద్దరి మధ్య తేడా ఆ ఒక్క కాగితం.

1915 వేసవి నుంచి ఈ కొండ కింద ముళ్లకంచె వెనక గుడారాల్లో బందీలను ఉంచి, రోజుకు 25 సెంట్ల కూలికి జాతీయ ఉద్యానవనంలో రోడ్లు వేయించారు. చలికాలంలో బాన్ఫ్ ఊరి అంచుకు, కేవ్ అండ్ బేసిన్ దగ్గరికి తరలించేవారు. ఈనాడు యాత్రికులు కారు కిటికీలు దించి ఫోటోలు తీసుకునే దారిలో కొంత భాగం ఆ చేతుల పని. 1995లో ఇక్కడ నిలిపిన విగ్రహం కోటు తొడుక్కుని కొండ వైపు చూస్తూ నిలబడ్డ మనిషిది, దాని పేరు "ఎందుకు?". ఆ ప్రశ్న మూడు భాషల్లో ఉంది. కెనడా పార్లమెంటు ఈ అన్యాయాన్ని 2005లో చట్టం ద్వారా గుర్తించింది. అందుకు తొంభై ఏళ్లు పట్టడం నాకు మింగుడు పడలేదు.

శిబిరాల దస్త్రాల్లో చాలా భాగం తర్వాతి కాలంలో నాశనం చేశారు. మిగిలిన పేర్ల జాబితాలో ఆ ఇంటిపేరుకు దగ్గరగా ఒకటి ఉంది, వయసు సరిపోవడం లేదు. 1916 తర్వాత కూలీల కొరత వచ్చి బందీలను రైల్వేలకూ గనులకూ షరతుల మీద వదిలారు కాబట్టి, వాళ్లలో ఒకడిగా ఇంకో ఊరికి వెళ్లి ఉండవచ్చు. చూడాల్సినవి 1921 జనాభా లెక్కలు, ఆస్పత్రి మరణాల పుస్తకాలు. దొరికే వరకు ఆ జాబితాలోని పేరు ఆయనదని రాయడానికి నేను ఒప్పుకోలేదు. వదినగారు కొంచెం నొచ్చుకున్నారు, కానీ కాదనలేదు.

ఆదివారం, ఎడ్మంటన్

సెయింట్ జోసఫాత్ కేథడ్రల్‌లో ప్రార్థన అయ్యాక బయటి మెట్ల దగ్గర తెర్నోపిల్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మను వదినగారి చర్చి స్నేహితులు పరిచయం చేశారు. 2022లో రష్యా దాడి మొదలయ్యాక కెనడా ఇచ్చిన ప్రత్యేక అనుమతి కింద దాదాపు మూడు లక్షల మంది ఉక్రేనియన్లు ఈ దేశానికి వచ్చారు. ఆమె వారిలో ఒకరు. ఊరి పేరు చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. తన మేనత్త ఇల్లు ఆ పక్క ఊళ్లోనట.

ఫోటో వెనక ఉన్నది ఆమె రెండుసార్లు మెల్లగా చదివి అర్థం చెప్పింది. అక్క పంపిన డాలర్లు అందాయని, వాటితో ఆవును కొన్నామని, పెద్దమ్మాయికి శ్రావణమాసపు కోతల తర్వాత పెళ్లి అని, కళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయని రాసి ఉంది. ఆ చివరి వాక్యం విన్నాక వదినగారు కాసేపు మాట్లాడలేకపోయారు.

ఉత్తరాలు ఎందుకు కాల్చిందో కూడా టీచరమ్మే చెప్పింది. 1939లో ఆ ఊరు సోవియట్ పాలనలోకి పోయింది. విదేశాల్లో బంధువులున్నవాళ్లను అనుమానంగా చూసేవారు. విదేశం నుంచి ఒక కవరు వస్తే దాని వెంట ప్రశ్నలూ వచ్చేవి. అక్కడివాళ్లే రాయడం మానేశారు. తెలివైనవాళ్లు ఇక్కడి నుంచీ మానేశారు. అమ్మమ్మ చెల్లెల్ని పోగొట్టుకోలేదు. బతికించడానికి దాచింది, చివరికి మనవరాళ్ల నుంచి కూడా దాచింది. ఈ ప్రయాణంలో నేను గట్టిగా చెప్పగలిగినది ఇదొక్కటే: తప్పిపోయారని మనం అనుకునే బంధువుల్లో కొందరు ప్రేమ కొద్దీ తప్పించబడినవాళ్లు.

సాయంత్రం టీచరమ్మ మా అమ్మాయి ఇంటికి వచ్చింది. గోంగూర పచ్చడి వేసుకుని అన్నం తిని, మళ్లీ వడ్డించమంది. ఆ తర్వాత అందరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. గలీషియా చర్చి పుస్తకాలు మా శాఖవాళ్లు చూసి నేర్చుకోవాల్సినంత పద్ధతిగా ఉంటాయి. ఆస్ట్రియా పాలకుడు రెండో జోసెఫ్ చక్రవర్తి 1784లో ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం లాటిన్ శీర్షికలతో గడులు గీసి, తేదీ, ఇంటి నంబరు, పేరు, మతం, తల్లిదండ్రులు, సాక్షులు, వారి వృత్తి అన్నీ నింపారు. ఇంటిపేర్లు ఒకే ఊళ్లో పాతిక మందికి ఒకటే ఉండవచ్చు. ఇంటి నంబరు మాత్రం మనిషిని పట్టిస్తుంది. అమ్మమ్మ 1885 నాటి జనన నమోదులో ఇంటి నంబరు దొరికింది. అదే నంబరు ఇంట్లో 1890లో చెల్లెలి పుట్టుక. 1910లో అదే నంబరు నుంచి ఒక వధువు, వయసు ఇరవై. తల్లిదండ్రుల పేర్లు ముండేర్ పెళ్లి పుస్తకంలోనివే. ఆ దంపతులకు 1912లో, 1915లో ఇద్దరు ఆడపిల్లలు. ఫోటోలో ఉన్నవాళ్లు వీళ్లే.

సోమవారం, ఎడ్మంటన్

పొద్దున టీచరమ్మ నుంచి సందేశం వచ్చింది. సోవియట్ అణచివేతకు గురైనవారి పేర్లతో ఉక్రెయిన్‌లో జిల్లాలవారీగా గ్రంథాలు అచ్చయ్యాయి. తెర్నోపిల్ సంపుటాల్లో చిన్న కూతురు, ఆమె భర్త, ఇద్దరు పిల్లల పేర్లు ఉన్నాయి. 1947 అక్టోబరులో పశ్చిమ ఉక్రెయిన్ నుంచి 75 వేల మందికి పైగా జనాన్ని కొద్ది రోజుల్లో పశువుల రైలు పెట్టెల్లో సైబీరియా, కజక్‌స్థాన్‌ల వైపు తరలించారు. సోవియట్ పాలనను ఎదిరించిన తిరుగుబాటుదారుల బంధువులన్న పేరు మీద ఆ కుటుంబాన్ని కరగందా గనుల ప్రాంతానికి పంపారు. అమ్మమ్మ ఉత్తరాలు కాల్చిన చలికాలం అదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. ఎవరో ఒకరు ఆమెకు కబురు చేర్చారు.

ఉక్రెయిన్‌లో 2015లో వచ్చిన చట్టం వల్ల ఆ దస్త్రాలను ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. యుద్ధం నడుస్తున్నా అక్కడి ఆర్కైవ్స్ ఉద్యోగులు దరఖాస్తులకు జవాబులిస్తున్నారు. ఆ ఉద్యోగుల ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రానికి మనం కట్టే వరస లాగే ఒక్కో తరానికి ఒక్కో ఆధారం పెట్టి ఫైలు తయారు చేశాను: వదినగారి జనన పత్రం, వాళ్లమ్మ జనన నమోదు, అమ్మమ్మ పెళ్లి నమోదు, గలీషియాలో అక్కచెల్లెళ్ల ఇద్దరి జనన నమోదులు, చెల్లెలి పెళ్లి, ఆమె కూతుళ్ల పుట్టుకలు. టీచరమ్మ దరఖాస్తును ఉక్రేనియన్‌లో రాసిపెట్టింది. దరఖాస్తుదారుకు సంబంధం ఏమిటన్న చోట వదినగారు స్వయంగా, ఒక్కో అక్షరం చూసి గీసుకుంటూ, "మా అమ్మమ్మ చెల్లెలి కూతురు" అని రాశారు.

కరగందాలో ఉన్నవాళ్లకు 1950ల చివర్లో తిరిగి వచ్చే వీలు కలిగింది. వచ్చారో లేదో ఆ దస్త్రంలో తెలుస్తుంది. పెద్ద కూతురు మాత్రం 1937లో పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లింది కనుక 1947 జాబితాలో ఆమె పేరు లేదు. ఆ ఊరు ఏదో పెళ్లి పుస్తకంలోనే ఉండాలి. పోలండ్ కాలపు పుస్తకం కాబట్టి శీర్షికలు మారిపోయాయి, రాత కూడా వేరు. ఈ రాత్రి భోజనాలయ్యాక టీచరమ్మ మళ్లీ వస్తానంది.